కొన్నవారి హక్కు, వాడేవారి హక్కు: సహాయ ఉపకరణాల వారంటీ

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో, ఆయనను ఈ జిల్లా అంతా ప్లీడరుగారు అనే పిలిచింది. ఈ సాయంత్రం నేనూ అలాగే పిలుస్తాను. పసితనంలో పోలియో సోకితే కాలిపర్లు వేసుకుని చంకకర్రలతో కోర్టు మెట్లెక్కిన మనిషి. చివరి సంవత్సరాల్లో చక్రాల కుర్చీలోంచే వాదించారు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మొలకెత్తని విత్తనాల మీద, కాలిపోయిన పంపుసెట్ల మీద రైతుల తరఫున ఫీజు చూసుకోకుండా కేసులు నడిపారు. తన కుర్చీ ఎన్నిసార్లు మొరాయించినా దాన్ని మాత్రం ఎన్నడూ కేసు చేయలేదు. పరుల వస్తువుల కోసం అంత పట్టుదలగా పోరాడినవారు తన వస్తువు దగ్గర ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. నిర్వాహకులు ఉపన్యాస విషయం అడిగినప్పుడు నాకు వేరొకటి తోచలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటలో ఇది. వారంటీ అనే రక్షణ కొనుగోలుదారును ఉద్దేశించి, డబ్బు నష్టాన్ని కొలబద్దగా పెట్టుకుని పుట్టింది. చక్రాల కుర్చీ, ట్రైసైకిల్, కృత్రిమ కాలు, వినికిడి యంత్రం వంటివాటి విషయంలో కొనేది తరచూ ఒకరు, వాడేది మరొకరు. వాడేవారికి జరిగే నష్టాన్ని రోజుల్లో లెక్కించాలి. ఈ రెండు సంగతులనూ చట్టం గుర్తించనంతకాలం వారంటీ కార్డు వికలాంగులకు అక్కరకు రాదు.

వస్తువు మంచిచెడ్డలు చూసుకునే భారం కొనేవాడిదే అన్న సూత్రం ఇంగ్లిషు వ్యాపార న్యాయంలో చాలాకాలం రాజ్యమేలింది. సంతలో గుర్రం పళ్లు చూసి బేరమాడే రోజులకు అది చెల్లింది. ఫ్యాక్టరీ సరుకు వచ్చాక చెల్లలేదు. 1893లో బ్రిటన్ చేసిన వస్తు విక్రయ చట్టం దాన్ని కొంత సడలించింది. ఆ అడుగుజాడల్లోనే 1930లో మన వస్తు విక్రయ చట్టం వచ్చింది. దాని 16వ సెక్షన్ ప్రకారం, తనకు ఏ అవసరానికి కావాలో కొనుగోలుదారు చెప్పి, అమ్మేవాడి నేర్పును నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి సరిపోవాలన్న షరతు కాగితం మీద రాయకపోయినా ఉన్నట్లే. ఈ మాట చక్రాల కుర్చీ కోసమే రాశారా అనిపిస్తుంది. వెన్నుపూస దెబ్బతిన్న మనిషికి సీటు ఎంత వెడల్పుండాలో, పాదాలు పెట్టుకునే పలక ఎంత ఎత్తులో ఉండాలో, ఎలాంటి కుషను వేయాలో చెప్పి కొనడమంటే అవసరం చెప్పి కొనడమే కదా. కానీ ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. పేటెంటు పేరు మీదో, ట్రేడ్ పేరు మీదో ఫలానా వస్తువే ఇమ్మని కొంటే ఈ షరతు వర్తించదు. ఇలా చట్టం తనంతట తాను చేర్చిన షరతులను ఒప్పందంతో తొలగించుకోవచ్చని 62వ సెక్షన్ అంది. ఇవాళ వారంటీ కార్డు వెనక చీమతలకాయంత అక్షరాల్లో కనిపించే మినహాయింపుల వంశవృక్షానికి వేళ్లు అక్కడున్నాయి.

మరి తయారీదారు దగ్గర నేరుగా కొననివాడి మాటేమిటి? దీనికి తొలి జవాబుల్లో ఒకటి ఒక చక్రం వల్లే వచ్చింది. అమెరికాలో డొనాల్డ్ మెక్‌ఫర్సన్ అనే రాతిపనివాడు డీలరు దగ్గర బ్యూక్ కారు కొన్నాడు. నడుపుతుండగా కొయ్య చక్రం చువ్వలు విరిగి కారు కుప్పకూలింది, ఆయన గాయపడ్డాడు. మీరు కొన్నది డీలరు దగ్గర, మాతో మీకు ఒప్పందమే లేదని కంపెనీ వాదించింది. 1916లో న్యూయార్క్ అప్పీళ్ల కోర్టులో జడ్జి కార్డోజో ఆ వాదనను తోసిపుచ్చారు. ఆ తర్వాత 1928లో స్కాట్లండ్‌లోని పైస్లీ పట్టణంలో మే డొనోహ్యూ అనే మహిళకు స్నేహితులొకరు జింజర్ బీరు కొనిపెట్టారు. సీసాలో కుళ్లిన నత్త ఉందన్నది ఆమె ఫిర్యాదు. డబ్బిచ్చింది ఒకరు, తాగి జబ్బుపడింది ఇంకొకరు. 1932లో బ్రిటన్ ప్రభువుల సభ, తయారీదారుకు ఆ తాగిన మనిషి పట్ల కూడా బాధ్యత ఉంటుందని తేల్చింది.

ఈ రెండు తీర్పులూ లా కాలేజీలో తప్పనిసరిగా చెబుతాం. వాటి హద్దు గురించి మాత్రం అంతగా మాట్లాడుకోం. ఒంటికో, వేరే ఆస్తికో దెబ్బ తగిలితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉత్పత్తి బాధ్యత పేరుతో ఒక కొత్త అధ్యాయం చేర్చింది. మంచిదే. అయితే హాని అంటే ఏమిటో నిర్వచిస్తూ, వస్తువుకే జరిగిన నష్టాన్నీ, వారంటీ షరతుల ఉల్లంఘన వల్ల ఆస్తికి కలిగే నష్టాన్నీ, వ్యాపార, ఆర్థిక నష్టాలనూ పక్కన పెట్టింది. కుర్చీ విరిగి తుంటి ఎముక విరిగితే ఈ అధ్యాయం ఆదుకుంటుంది. కుర్చీ ఎవరికీ ఏ దెబ్బా తగలనీయకుండా గదిలో ఓ మూల ఆగిపోతే ఆదుకోదు. అప్పుడు మిగిలేది వారంటీ ఒక్కటే.

ఎక్కువగా జరిగేది ఆ రెండోదే. ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతే పాలు రెండుపూటలా తెచ్చుకుంటాం, పని నడుస్తుంది. కుర్చీ ఆగిపోతే మనిషి ఆగిపోతాడు. ఉద్యోగానికి సెలవు, పిల్లలకు బడి నాగా, మరుగుదొడ్డికి వెళ్లాలంటే మోసుకెళ్లే మనిషి కోసం ఎదురుచూపు. స్పర్శ లేని శరీరం ఎక్కువకాలం మంచం మీదే ఉంటే పుండ్లు పడతాయి, అవి మానడానికి నెలలు పడుతుంది. మరమ్మతు ఖర్చు 600 రూపాయలే కావచ్చు. వారంటీ ఆ 600 ఇస్తుంది, మంచం మీద గడిచిన కాలాన్ని లెక్కలోకి రానివ్వదు.

ఇక ఆ కుర్చీ చరిత్ర వైపు వస్తాను, ఎందుకంటే అందులోనే ఈ చట్టాల చరిత్ర దాగుంది. 1655 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్ దగ్గర స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు, తనకు కాళ్లు నడవక, చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి తనే చేసుకున్నాడు. మన చేతి ట్రైసైకిల్‌కు ముత్తాత అదేననుకోవచ్చు. చేసినవాడూ వాడినవాడూ ఒకరే, చెడిపోతే బాగుచేసినవాడూ ఆయనే. వారంటీ అవసరం పడని రోజులు. 1933లో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు మడిచి కారులో పెట్టుకోగల ఉక్కుగొట్టాల కుర్చీ తయారుచేశారు. ఎవరెస్ట్ గని ప్రమాదంలో నడుము విరిగినవాడు. ఆయన అవసరమే ఆ డిజైనుకు ప్రాణం. ఇవాళ మన ఆస్పత్రి వరండాలో కనిపించే మడత కుర్చీ దాని సంతానమే. కానీ ఇద్దరి పేర్లతో వెలసిన కంపెనీ మార్కెట్టును ఎంతగా చేతిలో పెట్టుకుందంటే, 1977లో అమెరికా న్యాయశాఖ దాని మీద గుత్తాధిపత్య నిరోధక దావా వేయాల్సి వచ్చింది. దావా రాజీతో ముగిసింది. వికలాంగుడి అవసరం నుంచి పుట్టిన వస్తువు ఒక తరం తిరిగేసరికి అదే వికలాంగుడికి వేరే దిక్కు లేని వస్తువైంది.

దీనికి ఎదురు నడిచిన ప్రయత్నం కాలిఫోర్నియాలోని బర్కిలీలో కనిపిస్తుంది. 14 ఏళ్ల వయసులో పోలియోతో మెడ కిందభాగం చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో అక్కడి విశ్వవిద్యాలయంలో చేరి, క్యాంపస్ ఆస్పత్రిలోనే మకాం పెట్టి చదువుకున్నారు. 1970 నాటికి అక్కడి వికలాంగ విద్యార్థులు తమకోసం ఒక కార్యక్రమం ఏర్పాటు చేసుకున్నారు, 1972లో అది స్వతంత్ర జీవన కేంద్రంగా ఊళ్లోకి విస్తరించింది. చరిత్ర పుస్తకాలు ఆ ఉద్యమంలోని నినాదాలను గుర్తుపెట్టుకున్నాయి. నాకు అంతకన్నా పెద్దగా కనిపించేది, వాళ్లు మొదట ఏర్పాటు చేసుకున్న సేవల్లో చక్రాల కుర్చీ మరమ్మతు ఒకటి కావడం. స్వేచ్ఛ అన్నది రెంచీ, స్క్రూడ్రైవరు మీద కూడా ఆధారపడి ఉందని వాళ్లకు పుస్తకాలు చదివి తెలియలేదు.

చట్టం నెమ్మదిగా వెనకాలే వచ్చింది. 1975 జనవరిలో ఆమోదం పొందిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం అమెరికా అంతటికీ పెట్టిన నియమం ఏమంటే, రాతపూర్వక వారంటీ ఇచ్చేవాడు షరతులను తెలిసే భాషలో ముందే చెప్పాలి, అది సంపూర్ణమా పరిమితమా తేల్చాలి, మా విడిభాగమే వాడితేనే వారంటీ అని ముడిపెట్టకూడదు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం, కొత్త కారు పదేపదే చెడిపోతే మార్చి ఇవ్వాలని, లేదా డబ్బు తిరిగివ్వాలని చట్టం చేసింది. దాని వెంటే ఇతర రాష్ట్రాలు చేశాయి. కారుకు ఇచ్చిన హక్కు కుర్చీకి ఎందుకు లేదని వికలాంగుల సంఘాలు అడిగాయి. ఆ అడగడం ఫలించి, రాష్ట్రాలు ఒకదాని తర్వాత ఒకటి చక్రాల కుర్చీలకూ ఇతర సహాయ ఉపకరణాలకూ అలాంటి చట్టాలు తెచ్చాయి. వాటిలో సామాన్యంగా కనిపించే అంశాలు: కనీసం ఏడాది వారంటీ ఇచ్చి తీరాలి. అదే లోపం పదేపదే సరిచేసినా పోకపోయినా, మొత్తం 30 రోజులు కుర్చీ పనికిరాకుండా పడి ఉన్నా, మార్చాలి లేదా డబ్బు వాపసు చేయాలి. మరమ్మతు సాగినంతకాలం వేరే కుర్చీ ఇవ్వాలన్న నిబంధన కొన్ని చోట్ల ఉంది. కాలిఫోర్నియా ఇంకో మెట్టెక్కి, ఉపకరణం ఫలానా వ్యక్తి అవసరానికి సరిపోతుందన్న హామీ రాసివ్వాలని, సరిపోకపోతే చేతికి అందాక లేదా అమర్చడం పూర్తయ్యాక 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చేయవచ్చని అంది. మన 16వ సెక్షన్‌లోని సూత్రమే ఇది. అక్కడ మాత్రం మినహాయింపు తలుపు మూశారు.

30 రోజులు అన్న ఆ అంకెను కొంచెం ఆగి చూడమని మనవి. చక్రాల కుర్చీ వారంటీలో కాలం నష్టంగా లెక్కకెక్కింది అక్కడే. ఎంత ఖర్చయింది అని అడగడం మాని, ఎన్నాళ్లు ఆగిపోయావు అని చట్టం అడిగింది.

అక్కడితో కథ సుఖాంతమైందనుకుంటే పొరపాటు. కుర్చీలు విద్యుత్తుతో, సాఫ్ట్‌వేరుతో నడిచేవయ్యాక లోపం ఎక్కడుందో చూసే అధికారమే తయారీదారు గుప్పిట్లోకి వెళ్లింది. జాయ్‌స్టిక్ సర్దుబాటుకు కూడా కంపెనీ మనిషి రావాలి, రావడానికి వారాలు, బీమా అనుమతికి మరిన్ని వారాలు. ఈ దుస్థితి మీద కొలరాడో రాష్ట్రం 2022లో చట్టం చేసింది. విద్యుత్ చక్రాల కుర్చీల విడిభాగాలు, పనిముట్లు, మాన్యువళ్లు, లోపలి సాఫ్ట్‌వేరు యజమానికీ బయటి మెకానిక్కుకూ అందుబాటులో ఉంచాలన్నది దాని సారం. 2023 జనవరి 1 నుంచి అమలైన ఈ చట్టం ఆ దేశంలో ఇలాంటి వాటిలో మొదటిది. 2025 మొదట్లో మసాచుసెట్స్ రాష్ట్రం చక్రాల కుర్చీల కనీస వారంటీని ఏడాది నుంచి రెండేళ్లకు పెంచింది. బ్రిటన్‌ది వేరే దారి. అక్కడి జాతీయ ఆరోగ్య సేవ కుర్చీని అరువుగా ఇస్తుంది, మరమ్మతు తనే చూసుకుంటుంది. మరమ్మతుకు ఎవరి తలుపు తట్టాలో అక్కడి మనిషికి కనీసం తెలుసు.

మన దేశంలో ఉపకరణం సరుకుగా రాలేదు, దానంగా గడప తొక్కింది. ఈ మాట తక్కువ చేసి అనడం లేదు. 1968లో జైపూర్‌లో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ, చేతిపనిలో దిట్ట రామచంద్ర శర్మ కలిసి రూపొందించిన కృత్రిమ పాదం ప్రపంచానికి మనమిచ్చిన గొప్ప కానుకల్లో ఒకటి. బురదలో నడవడానికి, చెప్పుల్లేకుండా తిరగడానికి, గొంతుక్కూర్చోవడానికి వీలైన పాదం అది. 1975లో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దాన్ని ఉచితంగా లక్షల మందికి అమర్చింది. ప్రభుత్వం వైపు నుంచి కాన్పూరులో 1972లో అలిమ్‌కో సంస్థ వెలసింది, 1981లో ఉపకరణాల సాయానికి కేంద్ర పథకం మొదలైంది. ఎంతోమందికి మొదటి కుర్చీ, మొదటి ట్రైసైకిల్ ఈ దారిలోనే వచ్చింది. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షలు. ఈ సాయం లేకపోతే వారిలో చాలామందికి ఏదీ దక్కేది కాదు.

కానీ దానంగా వచ్చిన వస్తువుకు బిల్లుండదు. పంపిణీ క్యాంపు ఎలా జరుగుతుందో ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. సదరం సర్టిఫికెట్టు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని ఒక రోజు కొలతలకు, ఇంకో రోజు పంపిణీకి. షామియానా కింద వరుసగా నిలబెట్టిన ట్రైసైకిళ్లు, సీట్ల మీద ఇంకా విప్పని ప్లాస్టిక్ కవర్లు, ఫొటో, చప్పట్లు. వస్తువు ఇంటికొస్తుంది. కొన్న కాగితం శాఖ ఫైల్లో ఉంటుంది. వారంటీ షరతులు సరఫరాదారుకూ శాఖకూ మధ్య ఒప్పందంలో ఉంటాయి. ఏడాదిలోపు చెయిన్ చక్రం వంగినా, బ్యాటరీ బండి చార్జింగు ఎక్కకపోయినా, ఎవరిని అడగాలో లబ్ధిదారుకు తెలియదు. అడిగితే, ఉచితంగా ఇచ్చింది కదా అన్న మాట వినవలసి వస్తుంది. ఆ మాట పడేకంటే చేతి డబ్బు పెట్టి బాగుచేయించుకోవడం నయమనుకునేవారే ఎక్కువ. ప్లీడరుగారి మౌనానికి కూడా మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. ఆయన తొలి కాలిపర్లు ఒక ధర్మాసుపత్రి ఇచ్చినవి.

ఉచితంగా పొందినవాడు వినియోగదారుడు కాడన్న అభిప్రాయం న్యాయవాదుల్లో కూడా గట్టిగా ఉంది. దానికి ఆధారంగా 1995 నాటి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ - వి.పి. శాంత కేసు చూపిస్తారు. అందరికీ ఉచితంగా సేవలందించే ఆస్పత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదని, పన్ను కట్టడం ప్రతిఫలం కాదని సుప్రీంకోర్టు అందులో చెప్పిన మాట నిజం. అయితే అక్కడి వివాదం ఆస్పత్రి స్వయంగా చేసిన సేవ గురించి. ట్రైసైకిల్ సంగతి వేరు. శాఖ దాన్ని తయారుచేయలేదు, తయారీదారుకు డబ్బు చెల్లించి కొన్నది. ప్రతిఫలం ముట్టింది. 2019 చట్టం సెక్షన్ 2, ఏడో క్లాజులో వినియోగదారుడి నిర్వచనం కొన్నవాడితో ఆగదు. కొన్నవాడి సమ్మతితో ఆ వస్తువును వాడుకునేవాడు కూడా వినియోగదారుడే అంటుంది. క్యాంపు వేదిక మీద అధికారి చేతులమీదుగా ఇవ్వడం కన్నా స్పష్టమైన సమ్మతి ఏముంటుంది? లబ్ధిదారు శాఖ మీద దావా వేయనక్కరలేదు. తయారీదారు మీద, వాడుకరిగా, తన సొంత హక్కుతో వేయవచ్చునన్నది నా వాదన. జింజర్ బీరు తాగిన మనిషికి 1932లో న్యాయస్థానం ఇచ్చిన హోదాను మన చట్టసభ అక్షరాల్లో రాసిపెట్టింది. వాడుకోవలసింది మనం.

పథకం నిబంధనల్లో ఉన్న ఒక చిక్కును కూడా ఇక్కడే చెప్పాలి. కేంద్ర పథకం కింద అదే అవసరానికి గత మూడేళ్లలో సాయం పొందినవారు మళ్లీ అర్హులు కారు, 12 ఏళ్ల లోపు పిల్లలకు ఈ గడువు ఏడాది. పరిమిత నిధులు పదిమందికీ చేరాలంటే ఇలాంటి హద్దు ఉండాల్సిందే. కానీ ఉపకరణాలకు వారంటీ సాధారణంగా ఏడాదే. రెండో ఏడు మొదట్లో కుర్చీ మూలపడితే వారంటీ ఉండదు, కొత్త కుర్చీకి అర్హత ఉండదు. ఆ రెండేళ్లూ మనిషి ఏ గడువు కిందికీ రాడు. మూడేళ్లకోసారే ఇస్తామన్న ప్రభుత్వం మూడేళ్ల వారంటీ లేని వస్తువును కొనడం ఎలా సమంజసం? టెండరులో ఒక్క వాక్యం మారిస్తే తీరే సమస్య ఇది.

ఈ ఉపన్యాసం రాసుకుంటూ ఒక మండల కేంద్రంలో సైకిలు షాపు ముందు చాలాసేపు కూర్చున్నాను. చేతి ట్రైసైకిల్ ఒకటి వచ్చింది. చెయిన్ సైకిలుదే, ఫ్రీవీలు సైకిలుదే, బ్రేకు కట్టలు సైకిలువే. మెకానిక్ టీ తాగేలోపు బాగుచేసి పంపాడు. తర్వాత మడత కుర్చీ. ముందరి చిన్న చక్రంలోని బేరింగులో వెంట్రుకలు, దుమ్ము, గ్రీజు కలిసి గట్టిపడి రాయిలా ఉంది. ఊడదీశాడు, తిప్పి తిప్పి చూశాడు. "ఈ సైజు బేరింగు మన దగ్గర ఉండదు సార్, ఇది బయటి సరుకు" అని పక్కన పెట్టాడు. సీటు కింద అడ్డంగా దాటే రెండు కమ్మీలు కలిసేచోట బోల్టు విరిగి, ఎవరో వెల్డింగు పెట్టించిన గుర్తుంది. అంటే కుర్చీ ఇక మడవదు, బస్సు ఎక్కదు. మూడోది బ్యాటరీ బండి. దాని కంట్రోలరు పెట్టె మీద సీలు తీస్తే వారంటీ చెల్లదని ఇంగ్లిషులో స్టిక్కరు. అతను దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

అమెరికాలో మోటారుసైకిలు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన రాల్ఫ్ హాచ్‌కిస్ అనే ఇంజనీరు ఈ తేడాను జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు. 1980 నుంచి నికరాగువాలోని వికలాంగులతో కలిసి, ఊళ్లో దొరికే సామాన్లతో చేసుకోగల, ఊళ్లోనే బాగుచేసుకోగల కుర్చీ డిజైన్లు తయారుచేశారు. ఏ ఊరి షాపులోనైనా బాగయ్యే కుర్చీకి వారంటీతో పని సగం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాలు చక్రాల కుర్చీ అందించడాన్ని 8 మెట్లుగా విభజించి, నిర్వహణ, మరమ్మతు, తదుపరి పరిశీలనలను ఎనిమిదో మెట్టుగా పెట్టాయి. మన క్యాంపులు ఆరో మెట్టు దగ్గర ఫొటో దిగి ఆగిపోతున్నాయి.

వారంటీ కార్డుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట దుర్వినియోగం. టైరు, ట్యూబు, బ్యాటరీ, రెక్సిన్ ముందే మినహాయిస్తారు. మిగిలినవాటికి దుర్వినియోగం వల్ల కలిగిన లోపాలు వర్తించవంటారు. ఏది దుర్వినియోగం? చక్రాల కుర్చీల గట్టిదనానికి ఐఎస్ఓ 7176 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ పరీక్షలో కుర్చీని పట్టీలు అమర్చిన రెండు డ్రమ్ముల మీద 2,00,000 చుట్లు తిప్పుతారు, 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 6,666 సార్లు కింద పడేస్తారు. మన పల్లెలో ఇంటి గడప, సిమెంటు రోడ్డు అంచు, మురుగుకాలువ మీద పరిచిన బండ, ప్రతి ఒక్కటీ ఆ పరీక్షే. తేడా ఒక్కటే, ఇక్కడ కుర్చీలో మనిషి ఉంటాడు. బజారుకెళ్లి రావడాన్ని దుర్వినియోగమనే షరతు న్యాయసమ్మతం కాదు. అన్యాయమైన ఒప్పందాలను రద్దుచేసే అధికారాన్ని 2019 చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకు కట్టబెట్టింది. ఈ మాట మీద ఒక సంఘం రాష్ట్ర కమిషన్ తలుపు తట్టాలని నేను ఎంతగానో కోరుకుంటున్నాను.

చక్రం లేని ఉపకరణాల గురించి ఒక్క ఉదాహరణ. ఆరోగ్యశ్రీ కింద మన పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు అమర్చారు. పుట్టు చెవిటి పిల్లలు మాట్లాడటం చూసిన తల్లిదండ్రుల ఆనందం మాటల్లో చెప్పేది కాదు. శస్త్రచికిత్స ఒకసారే. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసరు, దాని తీగ, బ్యాటరీలు మాత్రం ఏళ్ల తరబడి కావాలి. వారంటీ ముగిశాక ఆ తీగ తెగితే కూలిపని చేసే తండ్రికి అది నెల సంపాదన. లోపలి పరికరం బాగానే ఉంటుంది, పిల్ల మాత్రం మళ్లీ నిశ్శబ్దంలోకి వెళుతుంది. భాష నేర్చే వయసు మరమ్మతు కోసం ఆగదు. కాలమే నష్టమన్న నా మాటకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం నా దగ్గర లేదు.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ఇళ్లలో వాడే మన్నికైన వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా ప్రారంభమైంది. ట్రాక్టరు ఉంది, ఫోను ఉంది. చక్రాల కుర్చీ లేదు. కావాలని వదిలేశారని నేను అనను. ఉపకరణం సంక్షేమ శాఖ సరుకు, వినియోగదారుల శాఖకు సంబంధం లేదన్న అలవాటు అంత లోతుగా పాతుకుపోయింది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 20వ అధికరణం నాణ్యమైన చలన ఉపకరణాలు అందుబాటు ధరలో ఉండాలంది, మనం 2007లో దాన్ని ధ్రువీకరించాం. 2016 నాటి మన వికలాంగుల హక్కుల చట్టం ఉపకరణాలను సాంఘిక భద్రతలో భాగం చేసింది. ఇచ్చేవరకు రెండూ మాట్లాడతాయి. ఇచ్చాక చెడితే ఏమిటన్న ప్రశ్నకు జవాబు వినియోగదారుల చట్టంలోనే వెతుక్కోవాలి.

కోరవలసినవి పెద్దవేమీ కావు. కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదు. ఈ ఉపకరణాలకు ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు కనుక, సరఫరా ఒప్పందంలోనే వారంటీ లబ్ధిదారు పేరున ఉండాలని, మరమ్మతుకు తీసుకున్ననాడే వేరే కుర్చీ ఇవ్వాలని, షెడ్డులో పడి ఉన్న రోజులను వారంటీ గడువులోంచి మినహాయించాలని రాయవచ్చు. జిల్లా కేంద్రంలో విడిభాగాల నిల్వ ఉంచాలని, బేరింగు, టైరు కొలతలు సైకిలు షాపులో దొరికేవే వాడాలని షరతు పెట్టవచ్చు. తయారీదారులు ధర పెరుగుతుందంటారు. కొంత పెరుగుతుంది. మూలపడ్డ కుర్చీల ధర ఇప్పటికే ఎవరో చెల్లిస్తున్నారు, అది ఏ ఖాతాలోనూ కనిపించడం లేదంతే.

అంతవరకు మన చేతిలో ఉన్నది మనం చేయాలి. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదును కంపెనీ ఉన్న ఊళ్లో వేయనక్కర లేదు, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు లేదు. ఆన్‌లైన్లో దాఖలు చేయవచ్చు, విచారణను వీడియోలో జరపమని కోరవచ్చు. గడువు రెండేళ్లు. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే కమిషనే ప్రయోగశాలకు పంపుతుంది. ఈ బార్‌లోని యువ న్యాయవాదులు కొందరు అలాంటి ఫిర్యాదులను ఉచితంగా చేపడతామని ఇందాక నాతో అన్నారు. వారి దగ్గరికి వచ్చేటప్పుడు వికలాంగుల సంఘాల సభ్యులు తెచ్చుకోవలసినవి ఇవి: ఫ్రేము మీద చెక్కిన నంబరు ఫొటో, క్యాంపు రోజు ఇచ్చిన రసీదు లేదా ఆనాటి ఫొటో, కుర్చీ ఏ తారీకున ఆగిందో, ఎవరికి ఫోను చేశారో, వారేమన్నారో రాసుకున్న కాగితం. తారీకులు తప్పకుండా రాయండి. కమిషన్ ముందు మనం అడగబోయేది ఆ రోజుల లెక్కే.